ఎండలో ఆరబోసిన దుంపలు

మా వైపు మిరపకాయ గురించి తెలియని మనిషి ఉండడు. బంగాళాదుంప గురించి తెలిసిన మనిషీ ఉండడు. కూర వండుకోవడం వరకే మాకు దానితో పరిచయం. అది మొక్కగా ఉన్నప్పుడు ఎలా ఉంటుంది, ఎప్పుడు తవ్వాలి, తవ్వాక ఏం చెయ్యాలి అని నందిగామలో మా వీధిలో ఎవరినడిగినా నవ్వేవారు. అలాంటి చోట, నా ఇంటి పెరట్లో, మా మామగారు బంగాళాదుంప వేశారు. ఆ చలికాలమంతా ఒకదాని తర్వాత ఒకటి నేను ఎన్నిసార్లు అదిరిపడ్డానో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

ముందు ఆయన గురించి చెప్పాలి. పుట్టిందీ పెరిగిందీ పెనుగంచిప్రోలు. బతుకంతా మిరప, పత్తి. చేలో నిలబడి కాయ రంగు చూసి, కోత ఎప్పుడో ఇట్టే చెప్పేవారు. అలాంటి మనిషికి నల్ల తామరపురుగు దిగిన ఏడాది చేను చేనంతా పోయింది. పూత పూతగానే రాలిపోయింది. ఆయన కొట్టని మందు లేదు. ఎన్నిసార్లు స్నానం చేసినా ఒంటి నుంచి ఆ మందు వాసన పోయేది కాదు. చివరికి ట్రాక్టరు పిలిపించి, నిలబడి ఉన్న చేనును దున్నించేశారు. ముందురోజు వాళ్ళక్క వచ్చి గట్టు మీద నిలబడి, "బాగానే ఉందిరా తమ్ముడూ, నాలుగు రోజులాగితే కోలుకుంటుంది" అంది. అక్కడ బాగున్న ఆకు ఒక్కటి లేదు. "నీకు కళ్ళు కనపడట్లేదా అక్కా!" అని ఆయన అరిచిన అరుపు అవతలి చేలవాళ్ళు కూడా విన్నారు.

ఆ తర్వాత పొలం కౌలుకిచ్చేసి మా దగ్గరికి వచ్చేశారు. మా అత్తగారు అప్పటికే పోయారు. నేను వీరులపాడు మండలాఫీసులో పని చేస్తాను, రోజూ బస్సు. మా ఆయనకి జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీలు. మేం ఇద్దరం వెళ్ళిపోతే ఆయన ఒక్కరే టీవీ ముందు కూర్చునేవారు. టీవీలో మిరప రేటు వస్తే చానెల్ మార్చేసేవారు. పొలం మాటెత్తితే లేచి వెళ్ళిపోయేవారు. అన్నం పెడితే తినడం, పిలిస్తే పలకడం, అంతే. కోపంగా ఉన్నా బాగుండేదనిపించేది నాకు. ఏ కూరగాయో ఏ ఆకుకూరో, ఆయన చేతుల్లోకి మళ్ళీ ఒక పంట వస్తే మనిషి మనిషవుతాడని నాదీ మా ఆయనదీ ఒకటే ఆశ. కుండీలు కొన్నాం, విత్తనాల ప్యాకెట్లు తెచ్చాం. ఆయన తాకలేదు.

దీపావళి వెళ్ళాక ఒకరోజు కూరగాయల బుట్ట సర్దుతుంటే అడుగున బంగాళాదుంపలకి మొలకలొచ్చి ఉన్నాయి. విసుక్కుంటూ చెత్తబుట్ట దగ్గరికి తీసుకెళ్ళాను. వెనకనుంచి ఒక కేక.

"అమ్మాయ్, ఆగాగు! మొలకొచ్చినదాన్ని పారేస్తారా ఎవరన్నా?"

నేను ఉలిక్కిపడి బుట్ట వదిలేశాను. ఆయన గొంతు అంత గట్టిగా విని ఎంత కాలమైందో. దుంపలన్నీ ఏరుకుని, ఒక్కో ముక్కకీ ఒక మొలక ఉండేలా కోసి, కోసిన వైపు బూడిద రాసి, బట్టలుతికే బండకీ వెనక గోడకీ మధ్య ఉన్న జాగాలో మిరపకి కట్టినట్టే బోదెలు కట్టి పాతేశారు. ఆ రాత్రి ఆయన రెండోసారి అన్నం పెట్టించుకున్నారు. మా ఆయన నా మొహం చూశాడు, నేను ఆయన మొహం చూశాను.

మొక్కలు వచ్చాయి. రావడమే కాదు, ఏపుగా వచ్చాయి. ఆయన పొద్దున లేస్తే పెరట్లోనే. ఆకు తిరగేసి చూడటం, మట్టి ఎగదోయడం, కోడిని తరమడం. మాకు కోడి లేదు, ఎదురింటివాళ్ళది. దాన్ని తరిమే వంకతో ఆయన ఎదురింటివాళ్ళతో మాటలు కూడా కలిపారు.

కొన్నాళ్ళకి రెండు మొక్కలకి తెల్లటి పూత కనపడింది. పూత వచ్చిందంటే కాయ దిగినట్టేనని ఆయన లెక్క. పూత రాలగానే, "ఒకటి తీసి చూద్దాం అమ్మాయ్" అన్నారు. తీశారు. వేళ్ళ చివర గోళీలంత ఉన్నాయి. నాలుగో అయిదో. ఆయన వాటిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. "ఇంతేనా" అన్నారు.  తొందరపడ్డామేమోనన్నాను. ఆయన వినిపించుకోలేదు.

అక్కడికీ నీళ్ళు పెట్టడం మానలేదు. సంక్రాంతి వెళ్ళాక ఒక సాయంత్రం నేను బస్సు దిగి ఇంటికొచ్చేసరికి బట్టల బండ మీద కూర్చుని ఉన్నారు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"పోయింది అమ్మాయ్."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "ఎవరు మామయ్యా? ఎవరు పోయారు?" అని అరిచాను. ఆయన చెయ్యి చూపించారు. మొక్కలు. కింది ఆకులన్నీ పసుపుపచ్చగా మారి వాలిపోతున్నాయి. నిన్నటిదాకా పచ్చగా ఉన్నవి. ఎవరూ పోలేదని తెలిశాక ముందు కోపమొచ్చింది, ఆ తర్వాత ఆయన కూర్చున్న తీరు చూసి ఆ కోపం ఎటుపోయిందో తెలియదు. మాకు తెలిసిన పంటల్లో ఆకు అలా పసుపుపచ్చగా మారి వాలిందంటే తెగులే. మరో అర్థం ఉంటుందని నాకూ తట్టలేదు, ఆయనకీ తట్టలేదు.

యూరియా వేశారు. నీళ్ళు పెట్టారు. వేపనూనె కొట్టారు. మొక్కలు ఇంకా పడిపోయాయి. ఒకరోజు నేను వచ్చేసరికి పెరట్లో పొగ. కొడవలితో మొక్కలన్నీ నేలకి కోసేసి, తెగులు పక్కకి పాకకుండా గోడ మూల కుప్పేసి తగలబెడుతున్నారు. పక్కింటి టీచరమ్మ గోడ మీదనుంచి, "ఏంటండీ, బట్టలన్నీ పొగ కంపు" అని అరుస్తోంది. ఆయన ఎవరి మాటా వినట్లేదు.

"కింద దుంపలేమన్నా ఉన్నాయేమో చూడకూడదా మామయ్యా?"

"చూశాంగా. గోళీలు. ఆకు చచ్చాక కాయ ఊరుతుందా ఎక్కడన్నా? చచ్చిన చేలో ఏం చూస్తాం, వదిలెయ్."

లోపలికి వెళ్ళి టీవీ పెట్టుకున్నారు. టీచరమ్మకి క్షమాపణ చెప్పి, నిప్పు మీద నీళ్ళు పోసి, వంటింట్లోకి వచ్చి గిన్నెలు ఎత్తి పడేశాను. నాకు ఏడుపొస్తే గిన్నెలు మోగుతాయి. మళ్ళీ మొదటికొచ్చాడు మనిషి, అంతకంటే అధ్వాన్నంగా. ఈసారి పెరటి వైపు తలుపు కూడా తియ్యడం మానేశారు.

పది పన్నెండు రోజులు గడిచి ఉంటాయి. పొద్దున్నే బట్టలు తడుపుదామని పెరట్లోకి వెళ్ళాను. రాత్రి పందికొక్కు తవ్విపోసినట్టుంది, బోదె పక్కన బొరియ. బొరియ ముందు సగం కొరికిన దుంప ఒకటి. గోళీ కాదు, నా పిడికిలి కంటే పెద్దది. తెల్లటి లోపలి భాగం మీద పళ్ళ గాట్లు.

నేను అక్కడే నిలబడిపోయాను. పందికొక్కు బజారునుంచి తెచ్చుకుంటుందా అని కూడా ఒక క్షణం ఆలోచించాను, అంత పని చేసింది నా బుర్ర. తర్వాత అరిచిన అరుపుకి ఆయన పామనుకుని కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చారు.

దుంపని చూశారు. కర్ర పడేశారు. గునపం తెచ్చి ఒక్క పోటు పొడిస్తే అది నేరుగా ఒక దుంపలో దిగింది. "అయ్యో" అని, తన కాలే తెగినట్టు గునపం దూరంగా విసిరేసి, నేల మీద కూర్చుని చేతులతో తవ్వడం మొదలుపెట్టారు. తవ్వినకొద్దీ వస్తున్నాయి. మట్టిలో చెయ్యి పెట్టడం, ఒకటి పైకి తియ్యడం, నా వైపు చూడటం. ఆయన నవ్వట్లేదు. నోరు తెరిచి ఉంది, అంతే. నేనూ అలాగే ఉన్నానేమో. ఆకు పసుపుపచ్చగా మారడమంటే తవ్వుకోమని మొక్క చెప్పడమని, మొక్క కోశాక పది రోజులు ఆగితే తొక్క గట్టిపడుతుందని మాకు ఆ తర్వాతెప్పుడో తెలిసింది. తెగులనుకుని ఏడ్చుకుంటూ చేసిందంతా సరిగ్గా చెయ్యాల్సిన పనేనని తెలిస్తే మనిషి తట్టుకోగలడా?

గోడవార చివరి సాలు మిగిలి ఉండగా ఆయన మోకాళ్ళు మొరాయించాయి. "అది రేపు తీస్తా" అన్నారు. ఆ రోజు నేను ఆఫీసుకి సెలవు పెట్టాను. కారణం అడిగితే బంగాళాదుంపలని చెప్పలేక, జ్వరమన్నాను.

ఇక ఆయనలోని మిరప రైతు లేచాడు. మా వైపు పంట ఇంటికొచ్చిందంటే ముందు చేసే పని ఎండబెట్టడం. మిరపకాయ కోశాక కల్లంలో పల్చగా పరుస్తారు, పొద్దున తిరగేస్తారు, సాయంత్రం మంచు పడకుండా పట్టా కప్పుతారు, రంగు పోయిన తాలుకాయలు వేరు చేస్తారు. ఎండితేనే సరుకు. ఎండనిది బూజు పట్టి పోతుంది. పుట్టినప్పటినుంచి అది చూసినవాళ్ళం. అటక మీదనుంచి పాత పట్టా దింపి, డాబా మీద పరిచి, దుంపలు ఒకదానికొకటి తగలకుండా పేర్చారు. పొద్దున్నే ఎక్కి పట్టా తీస్తారు. మధ్యాహ్నం ఒక్కోదాన్నీ చేత్తో తిరగేస్తారు. సాయంత్రం కప్పుతారు. కింద ఉన్న చివరి సాలు ఆయనకి గుర్తే లేదు.

నాలుగు రోజులయ్యాక చూస్తే దుంపల మీద అక్కడక్కడా పచ్చటి ఛాయ కనపడింది.

"ఇదేంటి మామయ్యా, పచ్చబడుతున్నాయి?"

"లోపల తడి ఆరలా. ఎండ చాల్లేదు. ఇంకో నాలుగు రోజులు పడనీ."

నాకూ సబబుగానే అనిపించింది. మిరపకాయ పచ్చగా ఉందంటే ఇంకా ఎండ కావాలనే కదా. ఇంకో నాలుగు రోజులు పడనిచ్చాం. నేనే ఒక రోజు ఆఫీసుకి వెళ్ళే ముందు డాబా ఎక్కి, నీడ పడుతోందని పట్టాని ఎండలోకి జరిపి మరీ వెళ్ళాను.

ఆయన ఇంట్లో ఒక ఆచారం ఉంది. కొత్త పంట ఏదైనా ముందు ఇంటి ఆడపడుచుకి వెళ్ళాలి. ఆవిడ తిని బాగుందన్నాకే మిగతావాళ్ళ నోట్లోకి. ఏటా మొదటి కోత కారం అలాగే వాళ్ళక్క ఇంటికి వెళ్ళేది. ఆవిడ నాకు వరసకి పెద్దమ్మ, పెనుగంచిప్రోలులోనే కూతురి కుటుంబంతో ఉంటుంది. ఉన్నవాటిలో పెద్దవి ఏరి, గుడ్డతో తుడిచి, సంచిలో వేసి, మూతి కుట్టి మరీ ఇచ్చారు ఆయన. మా ఆయన డ్యూటీకి వెళ్తూ జగ్గయ్యపేటలో పెనుగంచిప్రోలు ఆటోలో పెట్టాడు. శనివారం సాయంత్రం ఫోనొచ్చింది. ఆయన స్పీకర్ పెట్టారు, నేను వినాలని.

"వండుకున్నావా అక్కా?"

"వండుకున్నానురా. వెన్నలా ఉందనుకో. ఇలాంటి దుంప నేను పుట్టాక తినలా."

ఆయన ఫోన్ పెట్టేసి ఇంట్లో నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగారు. అప్పటికప్పుడు పక్కింటికీ, ఎదురింటికీ, ఆ చివరింటికీ సంచులు కట్టి స్వయంగా ఇచ్చొచ్చారు. "మా అక్క వెన్నలా ఉందంది" అని ప్రతి ఇంట్లో చెప్పడం వీధిలోంచి నాకు వినపడింది. మరుసటి రోజు ఆదివారం. రెండు దుంపలు లాల్చీ జేబులో వేసుకుని టీకొట్టుకి బయల్దేరారు. నందిగామ వచ్చాక ఆయన టీకొట్టుకి వెళ్ళడం అదే మొదలు.

నేను వేపుడు పెట్టాను. తొక్క తీస్తే లోపల కూడా లేత పచ్చ. చివర్లో ఉప్పు చూద్దామని ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. చేదు. నూనె పాడైందేమో అనుకుని ఇంకో ముక్క వేసుకున్నాను. చేదు మాత్రమే కాదు, గొంతులో మంట. నాలుక చివర చురుక్కుమంటోంది. సింకులో ఉమ్మేసి, నోరు కడుక్కుని, ఫోన్ తీసి నెట్‌లో అడిగాను. బంగాళాదుంప ఎందుకు చేదుగా ఉంటుంది?

జవాబు చదివి నేను స్టవ్ కట్టెయ్యడం కూడా మర్చిపోయాను. ఎండ తగిలితే దుంప పచ్చబడుతుంది. పచ్చబడిన దుంపలో విషం పుడుతుంది. వండినా పోదు. తవ్విన దుంపని నీడలో ఆరబెట్టి చీకట్లో దాచాలి. మేం వారం పైగా, రెండు వైపులా తిరగేసి, శ్రద్ధగా ఎండబెట్టాం.

తర్వాత గుర్తొచ్చింది, సంచులు. ఎదురింట్లో వాళ్ళమ్మాయి పురిటికొచ్చి ఉంది.

చెప్పులు లేకుండా పరుగెత్తాను. తలుపు తీసే ఉంది. హాల్లో ఆ ఇంటాయన పేపరు చదువుతున్నాడు, పలకరించకుండా నేరుగా వంటింట్లోకి వెళ్ళి వాళ్ళ స్టవ్ కట్టేశాను. ఇంటావిడ గరిటె చేత్తో పట్టుకుని కొయ్యబారిపోయింది. "గ్యాస్ లీకవుతోందా అండీ?" అంది. మూకుట్లో మా దుంపలే, ఇంకా ఉడకలేదు. పచ్చబడ్డాయండీ, తినకూడదండీ అని ఏదో చెప్పి మూకుడుతో సహా ఎత్తుకొచ్చేశాను. ఆ మూకుడు తిరిగివ్వడానికి నాకు మొహం చెల్లక రెండ్రోజులు పట్టింది. చివరింట్లో సంచి విప్పలేదు. టీచరమ్మ మాత్రం తల దించుకుని, "రాత్రే వండామండీ. చేదుగా ఉంటే పారబోశాం. పెద్దాయన అంత సంబరంగా ఇచ్చారు కదా, ఎలా చెప్పాలో తెలియలా" అంది.

ఆ మాటతో నా కాళ్ళు ఆగిపోయాయి. టీచరమ్మకి చేదుగా ఉన్నది పెద్దమ్మకి వెన్నలా ఎలా ఉంది?

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. వాళ్ళ కూతురికి చేస్తే ఎత్తింది.

"అమ్మకి రాత్రినుంచి వాంతులు. ఒకటే కడుపునొప్పి. డాక్టరు దగ్గర సెలైన్ పెట్టించి ఇప్పుడే తీసుకొచ్చాం."

"మీరందరూ తిన్నారా ఆ దుంపలు?"

"మాకెక్కడ పెట్టింది? అదేదో చేదు కూర, మీరెవరూ తినకండి అని పక్కన పెట్టింది. తను మాత్రం మొత్తం తినేసింది. వద్దంటే వినదుగా."

 పెద్దమ్మకి ఫోన్ ఇమ్మన్నాను. గొంతు నీరసంగా ఉంది, అయినా నన్ను మాట్లాడనివ్వలేదు.

"ఇదుగో అమ్మాయ్, వాడికి చెప్పావంటే ఊరుకోను."

"పెద్దమ్మా, అది విషమండీ! ప్రాణం మీదికి వచ్చేది!"

"విషమని నాకేం తెలుసే. చేదనుకున్నా. చేదైతే ఏమైంది, వాడు పండించాడు. ఇన్నేళ్ళకి పండించాడు. నాకు పంపినవే అలా ఉన్నాయేమో, మిగతావి బాగుంటాయిలే అనుకున్నా. చెప్పకు, అంతే."

ఆవిడ మీద నాకు ఎంత కోపమొచ్చిందో. ఎదురుగా ఉంటే భుజాలు పట్టి ఊపేసేదాన్ని. ఏడుపూ వచ్చింది. ఇన్నేళ్ళుగా ఆ కుటుంబంలో ఉంటున్నాను, ఒక మనిషి తమ్ముడి కోసం చేదు కూర గిన్నెడు తింటుందని నాకు తెలియదు.

మామగారు టీకొట్టునుంచి వచ్చారు. మొహం వెలిగిపోతోంది. "చూసినవాళ్ళందరూ మన నేలలో పండుతుందా అని ఒకటే అడగడం" అంటూ జేబులోంచి దుంపలు తీసి బల్ల మీద పెట్టారు. నాకు మెల్లగా చెప్పడం చేతకాదు. ఎండబెట్టకూడదట, పాడయ్యాయట, తినకూడదట, సంచులన్నీ వెనక్కి తెచ్చానని ఒక్క ఊపిరిలో చెప్పేశాను. పెద్దమ్మ మాట ఎత్తలేదు.

ఆయన ఒక దుంప తీసుకుని పచ్చిదే కొరికారు. నమిలారు. ఉమ్మేశారు. మొహం ఆ చేలో ట్రాక్టరు తిరిగిన రోజులా అయిపోయింది.

"అక్కకి పంపినవి ఇవేగా."

"ఆవిడ బాగున్నాయన్నారుగా మామయ్యా."

నా వైపు చూశారు. నేను అల్మరా వైపు చూశాను. ఆయన లేచారు. డాబా మీదివన్నీ దింపి, పశువులు కూడా తినకుండా గొయ్యి తీసి పూడ్చేశారు. అయిపోయిందనుకున్నాను. రేపటినుంచి మళ్ళీ టీవీ, చానెళ్ళు, పలకని మనిషి. నేను భయపడినది అదే.

మరుసటి రోజు పొద్దున టీవీ మోగలేదు. పెరట్లో చూస్తే గోడవార కూర్చుని, మర్చిపోయిన ఆ చివరి సాలు తవ్వుతున్నారు. చేతులతోనే. మట్టి కూడా తుడవకుండా ఒక్కోదాన్నీ గోనె కింద దూర్చేస్తున్నారు. మెట్ల కింద చీకట్లో పరిచి, పైన మరో గోనె కప్పారు. నేను దీపం వెయ్యబోతే, "ఆర్పు ఆర్పు" అని కసిరారు. ఆ కసురు విని నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

కొన్నాళ్ళయ్యాక, "పద అమ్మాయ్, అక్క దగ్గరికెళ్దాం" అన్నారు. గోనె కింద ఉన్నవన్నీ సంచిలో వేసి, మీద రెండు పొరల గుడ్డ కప్పుకుని బస్సులో ఒళ్ళో పెట్టుకున్నారు. పెద్దమ్మ గుమ్మంలోనే ఉంది, కాస్త చిక్కింది. సంచి చూడగానే ఆవిడ కళ్ళలో భయం నాకు స్పష్టంగా కనపడింది. ఆవిడ నా వైపు చూసింది. ఏమీ చెప్పలేదని నేను తల అడ్డంగా ఊపాను.

నన్ను వేపుడు పెట్టమన్నారు. జన్మలో వంటింటి గడప తొక్కని మనిషి స్టవ్ పక్కనే నిలబడ్డారు. దించగానే ఆవిడకి పళ్ళెం పెట్టబోతే నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"ముందు నేను తింటా."

ఇంటి ఆచారం తప్పడం ఆయన జీవితంలో అదే మొదటిసారేమో. నాలుగు ముక్కలు తిన్నారు. మంచినీళ్ళు తాగలేదు. కాసేపు అలా నిలబడి, అప్పుడు తన చేత్తో ఆవిడ పళ్ళెంలో వేశారు. ఆవిడ కళ్ళు మూసుకుని ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. కళ్ళు తెరిచింది.

"అబ్బ, బాగుందిరా తమ్ముడూ. అసలు చేదే లేదు!"

అన్నాక ఆవిడకి తెలిసింది ఏమందో. నా చేతిలోంచి గరిటె జారిపోయింది. ఆయన కింద పడిన గరిటె తీసి బల్ల మీద పెట్టి, ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నారు.

"అప్పుడు వెన్నలా ఉందన్నావు."

ఆవిడ కొంగుతో మూతి తుడుచుకుంది.

"మిరప చేలో నిలబడి కూడా బాగానే ఉందన్నావు. నేను నీ మీద అరిచా."

"మరేమనమంటావురా? నీ మొహం చూశాక ఇంకేమనను?"

ఆయన తల వంచుకుని ఆవిడ పళ్ళెం అంచు వేలితో రుద్దారు.

"ఈసారి బాగోకపోతే బాగోలేదని చెప్పక్కా."

"చెప్తాలే," అని ఆవిడ పళ్ళెం ముందుకు జరిపింది. "ఇది మాత్రం బాగుంది. ఇంకాస్త వెయ్యి."

ఆయన మూకుడు ఎత్తి మొత్తం ఆవిడ పళ్ళెంలోకి వంచేశారు. చలికాలమంతా నా పెరట్లో పండిన ఆ దుంపల్లో తినదగ్గది నాకు ఒక్క ముక్క కూడా మిగల్లేదు.